మెరూన్ రంగు ఇంజను

ఆదివారం పొద్దున ఆస్పత్రి డ్యూటీకి బయల్దేరుతూ నర్సమ్మ గుమ్మం దగ్గర ఆగి భర్త వైపు చూసింది. ఆయన బాల్కనీలో బల్ల ముందు కూర్చుని ఎవరిదో కళ్ళజోడుకి స్క్రూ బిగిస్తున్నాడు. ఆ స్క్రూ బిగిసి చాలాసేపయిందని ఆవిడకి తెలుసు.

“మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను. సాయంత్రం అబ్బాయి వాళ్ళింటికి వెళ్తున్నాం. మళ్ళీ తలనొప్పి అన్నారంటే ఊరుకునేది లేదు.”

“అప్పుడు నిజంగానే వచ్చిందోయ్.”

“సరిగ్గా ఆదివారాలు చూసుకునే వస్తోందా? పాపం, దానికీ వారమంతా తీరిక ఉండదు కాబోలు!” అంటూ ఆవిడ మెట్లు దిగిపోయింది.

ఇంకో రోజైతే లోపల్నుంచి కూతురి నవ్వు వినిపించేది. ఇవాళ వినిపించలేదు. కాసేపటికి ఆ పిల్ల టీ కప్పు తెచ్చి బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టింది.

“నాన్నా, ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. అతను లిఫ్టులు రిపేరు చేస్తాడనేగా నీ బాధ?”

“ఛ ఛ, అవేం మాటలమ్మా!”

“పోనీ, వాళ్ళ నాన్నగారు బస్సు డ్రైవరుగా చేశారనా?”

“నేనెప్పుడైనా అలా అన్నానా?”

“అనలేదు. అనకుండా తప్పించుకు తిరుగుతున్నావు, అదే నన్ను చంపుతోంది. మీ నాన్నగారు ఎప్పుడొస్తారని వాళ్ళు అడిగీ అడిగీ ఊరుకున్నారు. అసలు మమ్మల్ని కలిపిందే నువ్వు కదా! ఆ ఇంజను పార్సిలు ఇచ్చి రమ్మని నన్ను పంపకపోతే అతనెవరో, నేనెవరో!” ఆమె గుమ్మం వైపు తిరిగింది. “వాళ్ళు నీ కంటికి ఆనలేదు, అంతే.”

ఆయన తల ఎత్తలేదు. పొగరుబోతు తండ్రి అనుకుంటే అనుకోనీ, అసలు సంగతి తెలియకుండా ఉంటే చాలు అనుకున్నాడు. అలా అనుకున్నందుకు మళ్ళీ సిగ్గుపడ్డాడు.

ఆయనది బజారు వీధిలో కళ్ళజోళ్ళ షాపు. చూపు ఆనని పెద్దవాళ్ళు అద్దాల నంబరు కన్నా ఆయన మాటనే ఎక్కువగా నమ్మేవారు. ఆయనకున్న ఒకే ఒక్క సరదా బొమ్మ రైలింజన్లు. చిన్నపిల్లలు నేల మీద ఈడ్చుకు తిరిగేవి కావు, అచ్చం అసలు ఇంజన్ల కొలతలతో, పట్టాల మీద కరెంటుతో నడిచేవి. మొదట్లో పాడైనవి కొని బాగుచేసుకునేవాడు. తర్వాత ఆన్‌లైన్ వేలాల రుచి తగిలింది. గడువు ముగిసే ముందు గుండె దడదడలాడటం, తన పాటే నిలబడితే ఒళ్ళంతా తేలిపోవడం అలవాటైపోయాయి. ఫోటో మసగ్గా ఉన్నా, అమ్మేవాడి పేరూ ఊరూ తెలియకపోయినా, చవగ్గా వస్తోందంటే చాలు, కళ్ళు మూసుకుని పాడేసేవాడు.

అలా వచ్చిందే ఆ మెరూన్ రంగు ఇంజను. ఆ రకం ఇంజన్లు ఆకుపచ్చవి ఎక్కడ చూసినా దొరుకుతాయి. మెరూన్‌వి కంపెనీ చాలా కొద్దిగా చేసిందని, దొరికితే అదృష్టమని అంటారు. అది చవగ్గా వచ్చింది కూడా కాదు. భార్యకి చెప్పకుండా, ఇంటికి రంగులు వేయించడానికి దాచిన డబ్బులోంచి తీసి కట్టాడు. తీరా ఇంటికొచ్చాక స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడుస్తుంటే చక్రాల పక్కన రంగు ఊడి కిందనుంచి ఆకుపచ్చ బయటపడింది. అమ్మినవాడు అప్పటికే అయిపూ అజా లేకుండా పోయాడు. ఊరందరి చూపు సరిచేసే మనిషి నిలువునా మోసపోయాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆయన సన్నటి కుంచె తీసుకుని, ఊడిన చోట మెరూన్ రంగు కలిపి పూసి, ఎండబెట్టి, అదే వేలంలో అమ్మకానికి పెట్టేశాడు. కొన్నవాళ్ళు ఈ ఊరివాళ్ళేనని తేలింది. పార్సిలు తీసుకెళ్ళే ధైర్యం లేక కూతుర్ని పంపాడు. అక్కడ దాన్ని అందుకున్నవాడే ఇవాళ్టి లిఫ్టబ్బాయి.

సాయంత్రం డ్రైవరుగారింటి తలుపు తట్టక ముందే తెరుచుకుంది.

“రండి రండి! బండి ఆలస్యమైనా స్టేషనుకి చేరింది!” అంటూ ఆయన ఇల్లు దద్దరిల్లేలా నవ్వాడు. భారీ మనిషి. వెనకున్నవాళ్ళతో మాట్లాడాల్సి వస్తే తల తిప్పకుండా, ఎదురుగా అద్దం ఉన్నట్టు పైకి చూస్తూ మాట్లాడేవాడు. ఇన్నేళ్ళ డ్రైవింగు ఆయనకి మిగిల్చిన అలవాటు అది.

ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన చిన్నపిల్లల గౌన్లు ఉన్నాయి. లోపలిగదిలో మంచాన్ని ఆనుకుని గోడ నుంచి గోడ దాకా చెక్కబల్లలు పరిచి పట్టాలు వేశాడు. స్టేషను, వంతెన, అగ్గిపెట్టెలంత ఇళ్ళు. మధ్యలో ఎత్తుగా, విడిగా, మెరూన్ రంగు ఇంజను.

“ఇంత అరుదైన బండిని ఎలా వదులుకున్నారండీ బాబూ? నేనైతే దిండు కింద పెట్టుకుని పడుకునేవాణ్ణి!”

“పెట్టుకున్నారు కూడా. నేనే తీయించాను,” అంది ఆయన భార్య, టీ కప్పులు అందిస్తూ. గుమ్మంలో నిలబడ్డ లిఫ్టబ్బాయితో సహా అందరూ నవ్వారు. ఆవిడ కళ్ళజోళ్ళాయన వైపు తిరిగి, నెమ్మదిగా చెప్పింది. “ఈయన రిటైరయ్యే రోజుకి ఇవ్వాలని కుట్టుకూలి దాచుకుని కొన్నానండీ. నాకేమో వీటి గురించి ఓనమాలు రావు. అందుకే మీకు రాసి అడిగాను, గుర్తుందా? ఇది అసలైనదేనా అండీ అని. ఫోటోలో ఉన్నది ఉన్నట్టే అని రాశారు మీరు. ఆ ఒక్క మాటతో ధైర్యం చేశాను.”

గుర్తుంది. ఆ నాలుగు మాటలు రాయడానికి ఎంతసేపు తటపటాయించాడో కూడా గుర్తుంది. అబద్ధం కాకుండా, నిజమూ కాకుండా ఉండేలా ఏరి ఏరి రాశాడు. టీ కప్పు కింద పెట్టేశాడు.

“అసలు విశేషం వినండి,” అన్నాడు డ్రైవరుగారు. “వచ్చే ఆదివారం టౌన్‌హాల్లో మనలాంటి పిచ్చోళ్ళందరి ప్రదర్శన. దీన్ని నడిమధ్య పెడతామన్నారు. చేయి తిరిగినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో చూడటానికి వస్తున్నారట. నా పాత డిపోవాళ్ళందర్నీ పిలిచాను. ఫలానా వారి దగ్గర కొన్నదని మీ పేరు కూడా రాయిస్తున్నా!”

చేయి తిరిగినవాళ్ళు దాన్ని తిరగేసి, భూతద్దం పెట్టి చూస్తారు. డిపోవాళ్ళందరి ముందూ ఈ మనిషి నవ్వు ఎలా ఆగిపోతుందో కళ్ళజోళ్ళాయనకి కళ్ళకి కట్టినట్టు కనిపించింది. చటుక్కున లేచి నిలబడ్డాడు.

“మేం బయల్దేరతామండీ. షాపులో కాస్త పనుంది.”

“ఆదివారం షాపేమిటండీ?” అంది నర్సమ్మ తెల్లబోయి.

“వెళ్ళనీ అమ్మా,” అంది కూతురు. కళ్ళలో నీళ్ళు నిండాయి. “ఈ ఇంట్లో ఆయనకి ఊపిరాడట్లేదు.”

డ్రైవరుగారి మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. ఆయన చేతులు రెండూ దగ్గరికి తెచ్చి, ఇందాకటి గొంతే కాదన్నట్టు, “మా వల్ల ఏమైనా లోపం జరిగిందాండీ? జరిగితే చెప్పండి. మాకు పెద్దగా మర్యాదలు తెలియవు” అన్నాడు.

ఆ మాటకి కళ్ళజోళ్ళాయన వెనక్కి తిరిగాడు.

“లోపం మీలో లేదండీ, నాలో ఉంది. ఆ ఇంజను నకిలీది.”

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి ఇంజను తిరగేసి, చక్రాల పక్కన గోటితో గీశాడు. మెరూన్ పొర పెచ్చులా లేచింది. కింద ఆకుపచ్చ.

డ్రైవరుగారు వంగి ఆ గీతని వేలితో తడిమాడు. తర్వాత తనకి తనే సర్దిచెప్పుకుంటున్నట్టు, “పోనీలెండి. మీకు మాత్రం ఏం తెలుసు? మిమ్మల్నీ ఎవడో మోసం చేసుంటాడు” అన్నాడు.

తలుపు తెరిచిపెట్టినట్టుంది ఆ మాట. అవునండీ అంటే సరిపోతుంది. కూతురు ఆశగా తన వైపే చూస్తోంది. ఆయన నోటిదాకా వచ్చింది కూడా.

“నన్ను మోసం చేసిన మాట నిజమే,” అన్నాడు. “కానీ నేను తెలిసే అమ్మాను. ఇక్కడ రంగు ఊడితే మళ్ళీ పూసింది ఈ చెయ్యే.”

డ్రైవరుగారు ఇంజనుని ఆయన చేతుల్లోంచి పసిబిడ్డని లాక్కున్నట్టు లాక్కుని గోడ వైపు తిరిగాడు. ఆయన భార్య మాత్రం కదలకుండా నిలబడి ఉంది. ఆవిడ గొంతులో కోపం లేదు.

“నేను అడిగాను కదండీ,” అంది. “తెలియదు కాబట్టే కదా మిమ్మల్ని అడిగింది.”

కళ్ళజోళ్ళాయన నలుగురి ముందూ, పెళ్ళీడుకొచ్చిన కూతురి ముందు, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. లిఫ్టబ్బాయి ఒక్కడే గబగబా వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు.

తిరుగుదారిలో కూతురు వాళ్ళకి దూరంగా, ముందు నడిచింది. నర్సమ్మ వీధి మలుపు దాకా ఓర్చుకుని అప్పుడు ఆగింది.

“డబ్బు పోతే పోయింది. నాతో చెబితే ఏం చేసేదాన్ని? నాలుగు తిట్టేదాన్ని. నా నాలుగు తిట్లు తప్పించుకోవడానికి ఇంకొకళ్ళ కొంప ముంచారా?”

“నీ ముందు తెలివితక్కువవాణ్ణి కాకూడదనుకున్నాను.”

“ఇప్పుడేమయ్యారు?” అని ఆవిడ విసురుగా కదిలింది. నాలుగడుగులు వేశాక ఆయన వస్తున్నాడో లేదో చూసుకుని, నడక తగ్గించింది.

మర్నాడు ఆయన షాపు మూసి, ఇంజను ఖరీదు తీసుకుని ఒక్కడే వాళ్ళింటికి వెళ్ళాడు. మిషను మీదున్నావిడ లేచి వచ్చి కవరు అందుకుంది.

“వద్దనే గొప్పదనం నాకు లేదండీ. ఇది నా చేతికష్టం,” అంది. ఆ మాట ఆయనకి క్షమించామనడం కన్నా హాయిగా అనిపించింది. ఆయన మెట్లు దిగుతుంటే పైనుంచి డ్రైవరుగారి గొంతు వినిపించింది.

“ఆదివారం పొద్దున్నే టౌన్‌హాలుకి రండి. ఇంజను తీసుకొస్తున్నాను. అడిగినవాళ్ళకి మీరే చెప్పాలి.”

ఆ వారమంతా కూతురు ఇంట్లో అవసరానికి మించి మాట్లాడలేదు. వాళ్ళు సంబంధం వద్దంటారని ఆమెకి భయం, అడగడానికి మొహం చెల్లలేదు. లిఫ్టబ్బాయి ఫోను చేస్తే, “మీ అమ్మగారి ముందు ఎలా నిలబడను?” అని ఏడ్చింది. అదంతా గోడ అవతల నుంచి తండ్రికి వినిపించింది.

టౌన్‌హాల్లో ఇంజను నడిమధ్య కాకుండా ఓ మూల బల్ల మీద ఉంది. డ్రైవరుగారు ఒక పక్కంతా మెరూన్ రంగు గోకేశాడు. అటు నుంచి చూస్తే ఆకుపచ్చ, ఇటు నుంచి మెరూన్. కళ్ళజోళ్ళాయన పక్కనే నిలబడ్డాడు. వచ్చినవాళ్ళు వంగి చూసి, ఏమిటిదని అడిగేవారు. “నకిలీదండీ. మోసపోయి కొన్నాను. తెలిసీ ఇంకొకరికి అమ్మాను.” మొదటిసారి ఆ మాటని రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. తర్వాత కూడా సులువు కాలేదు. డిపోవాళ్ళు గుంపుగా వచ్చి, విని, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటూ వెళ్ళారు. నర్సమ్మ, కూతురు హాలు చివర గోడనానుకుని నిలబడి చూస్తున్నారు.

ఇంతలో తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన విని భగ్గుమన్నాడు. “ఇలాంటివాళ్ళ వల్లే మాలాంటివాళ్ళు కొనాలంటే భయపడుతున్నాం. మనిషన్నాక కాస్త సిగ్గుండాలయ్యా!”

కళ్ళజోళ్ళాయన తల దించుకున్నాడు. జవాబు మాత్రం బల్ల అవతల నుంచి వచ్చింది.

“ఉంది కాబట్టే పొద్దున్నుంచీ ఇక్కడ నిలబడ్డారండీ,” అన్నాడు డ్రైవరుగారు. “అన్నది చాలు. ఆయన మా వియ్యంకుడు.”

పెద్దమనిషి ఏదో గొణుక్కుంటూ పక్క బల్లకి వెళ్ళిపోయాడు. కళ్ళజోళ్ళాయనకి విన్న మాట మీద నమ్మకం కుదరలేదు. డ్రైవరుగారి వైపు చూశాడు. ఆయన ఇటు చూడకుండా పైకి చూస్తూ, “మా ఆవిడ అంది, అబద్ధం చెప్పి తప్పించుకునే దారి నేనే చూపించినా మీరు తీసుకోలేదట. నా బుర్రకి అంతదాకా తట్టలేదు. కోపం పూర్తిగా పోయిందనుకోకండి, ఇంకా కొంచెం ఉంది” అన్నాడు.

కూతురు ఎప్పుడొచ్చిందో, కుర్చీ ఒకటి లాక్కొచ్చి తండ్రి వెనక వేసింది. “కూర్చో నాన్నా. ఎంతసేపని నిలబడతావు?” అంది. ఆయన కూర్చోబోయి, కూర్చోలేక, ఆ పిల్ల భుజం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది గానీ భుజం తీయలేదు.

ఒకావిడ బల్ల దగ్గరికొచ్చి, రెండు రంగుల ఇంజనుని వింతగా చూసి, ఏమిటండీ ఇది అని అడిగింది. డ్రైవరుగారు పక్కకి జరిగి చోటిచ్చాడు.

“మా వియ్యంకుడుగారు చెప్తారు, వినండి.”