మొదటి కంచం

ఫ్యాక్టరీ వ్యాను మలుపులో ఆగిన చప్పుడుకు పోలేరమ్మ మంచం మీద లేచి కూర్చుంది. కోడలు మహాలక్ష్మి రొయ్యల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చే వేళ అది. రాత్రంతా ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలిచి ఆమె వేళ్ళు ముడతలు పడి ఉంటాయి. ఆ వేళ్ళతోనే పొయ్యి వెలిగిస్తుంది. కూతురికి టిఫిను పెట్టి, మొగుడికి క్యారియరు కట్టి, తను మాత్రం టీలో రెండు బిస్కెట్లు ముంచుకొని, "నిద్రొస్తా ఉందత్తా" అంటూ పడుకుంటుంది.

ఆ నిద్ర కూడా కునుకే. కొడుకు మధుబాబుకు పోర్టులో వారం వారం షిఫ్టు మారుతుంది. ఇంట్లో ఒకరు పడుకునే వేళకు ఇంకొకరు లేస్తారు. మిక్సీ తిరుగుతుంది, టీవీ మోగుతుంది.

ఆ రోజు అదే ఫ్యాక్టరీలో చేసే పక్కింటి ధనలక్ష్మి మహాలక్ష్మిని చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. పని బల్ల దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయిందట. ఇంకోసారి ఇట్లా జరిగితే పనిలోకి రావద్దని సూపర్‌వైజరు చెప్పాడట. ఆ మాట చెప్పి ధనలక్ష్మి వెళ్ళిపోయింది.

మధుబాబు చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగిపోయాడు. "వాళ్ళు పంపించేదేంది, నువ్వే మానెయ్."

"నేను మానను. పన్నెండేళ్ళుగా చేస్తుండా. పోగొట్టుకుంటే మళ్ళీ ఎవరిస్తారు?"

"తిండి తినవు, నిద్రపోవు. నువ్వైనా చెప్పమ్మా దీనికి."

పోలేరమ్మ తనకు తోచిన మాట అనేసింది. "మీ నాయన రాత్రంతా సముద్రంలోనే ఉండేవాడు గదరా. ఆయనెప్పుడన్నా కళ్ళు తిరిగి పడిపోయినాడా?"

గోడకు ఆనుకొని కూర్చున్న మహాలక్ష్మి తలెత్తింది. గొంతు పెంచలేదు.

"మామ వచ్చేసరికి నువ్వు పొయ్యి దగ్గర కూర్చోనుండేదానివి అత్తా. నేను వచ్చేసరికి పొయ్యే నా కోసం చూస్తా ఉంది."

ఆమె లోపలికి వెళ్ళి పడుకుంది. కాసేపటికి మధుబాబు ఖాళీ క్యారియరు అక్కడే వదిలి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

పోలేరమ్మ వాకిట్లో చాలాసేపు కూర్చుంది. మొగుడు కామాక్షయ్య పడవ ఒడ్డుకు వచ్చే తెల్లవారుజాములు కళ్ళ ముందు మెదిలాయి. దూరాన పడవ కనిపించగానే తను బియ్యం కడిగేది. ముందురోజు పులుసు వెచ్చబెట్టేది. వేట నుంచి వచ్చిన మనిషిదే మొదటి కంచం. అత్తమామలైనా ఆ తర్వాతే. వంజరం చేప నడుం ముక్క ఆయనకే. ఆయన తింటుంటే ఎదురుగా కూర్చొని, సముద్రంలో సంగతులు అడుగుతూ, ఇంకో ముద్ద తినిపించేది. ఆయన పడుకుంటే వెలుతురు పడకుండా పాత వల నాలుగు మడతలు వేసి కిటికీకి కట్టేది. పిల్లల్ని ఒడ్డుకు తరిమేది. వీధిలో కేకేసి చేపలమ్మే మనిషి కూడా ఆ ఇంటి ముందు నోరు మూసుకొని పోయేది.

ఆయన పోయాక మొదటి కంచం కొడుక్కి పెట్టడం మొదలుపెట్టింది. మగవాడు కదా అనుకుంది. ఆ కంచం మగవాడిదని ఎవరు చెప్పారు? అది వేటకు పోయినవాళ్ళది.

పోలేరమ్మ లేచి, దూలం మీది పాత వలను కిందికి దించింది. దుమ్ము దులిపింది. సాయంత్రం ఒడ్డుకు పోయి చేప తెచ్చి, మామిడికాయ వేసి పులుసు పెట్టింది. ఆ పూట ఎవరికీ నడుం ముక్క వెయ్యలేదు. మధుబాబు అడగబోయి, తల్లి ముఖం చూసి ఊరుకున్నాడు.

రెండు రోజులు ఇంటి దగ్గర ఆగమని అందరూ చెప్పినా వినకుండా ఆ రాత్రి కూడా మహాలక్ష్మి పనికి వెళ్ళింది. తెల్లారి వ్యాను దిగి వచ్చేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. మధుబాబు కూతురికి జడ వేయలేక తంటాలు పడుతున్నాడు. టీవీ ఆపి ఉంది. ఆమె పడుకునే గది కిటికీకి మడతపెట్టిన వల, దాని మీద ముదురు రంగు చీర.

మహాలక్ష్మి అలవాటుగా పొయ్యి వైపు నడిచింది.

"ఆడికేం పని నీకు? కాళ్ళు కడుక్కొని కూర్చో" అంది పోలేరమ్మ.

"నిద్రొస్తా ఉందత్తా."

"నిద్ర యాడికీ పోదు. ముందు తిను."

కంచంలో మెత్తటి అన్నం, నిన్నటి పులుసు, మధ్యలో వంజరం నడుం ముక్క. దాన్ని చూసి మహాలక్ష్మి మొగుడి వైపు చూసింది.

"నా వైపు చూడమాక. అది నాది కాదంట. పొద్దున్నే చెప్పింది మాయమ్మ" అన్నాడు మధుబాబు, జడ వదలకుండా.

పోలేరమ్మ ఎదురుగా కూర్చొని ముల్లు తీసి ముక్క కోడలి వైపు జరిపింది. చాలా ఏళ్ళ తర్వాత, ఒకప్పుడు రోజూ అడిగిన మాట అడిగింది.

"ఎట్టా ఉండింది మే, రాత్రి వేట?"

మహాలక్ష్మి ఇంకో ముద్ద కలుపుకుంది. తడిసిన కళ్ళను ఎడమచేతి మణికట్టుతో తుడుచుకుంది.

"కారమైందా?"

ఆమె తల అడ్డంగా ఊపి, కంచం ముందుకు జరిపింది.

"ఇంకొంచెం అన్నం పెట్టత్తా."