అమలమ్మ చేతులు

"ఎంత పని చేశావ్ అత్తయ్యా!... ఎంత పని చేశావ్!"

దొడ్డిగుమ్మంలోనే నిలబడిపోయి కేక పెట్టింది తెరేసమ్మ. కాపురానికి వచ్చి మూడేళ్ళయినా అత్తగారిని ఏనాడూ 'మీరు' అని తప్ప అనని పిల్ల! ఆ నోటికి 'చేశావ్' అన్న మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. నీళ్ళు పోసే రాయి పక్కన పిండికట్టు ముక్కలు తడిసి ముద్దలుగా పడివున్నాయి. అమలమ్మ పీటమీద కూర్చుని కాళ్ళు బారచాపుకుని ఉంది. ఆ కాళ్ళమీద నాలుగు నెలల మనవడు జోజి వెల్లకిలా పడుకుని, కట్టులేని కుడికాలు హాయిగా ఆడిస్తున్నాడు. పొద్దున తెరేసమ్మ తన చేత్తో తొడిగి వెళ్ళిన ఉన్ని మేజోడు చీపురు పక్కన పడివుంది.

ఆ మేజోడు వంక చూడబుద్ధి కాలేదు ఆమెకు. చూపు తిప్పుకుంది.

ఎన్ని మంగళవారాల కష్టం అది! జోజి పుట్టడమే కుడిపాదం లోపలికి మెలితిరిగి పుట్టాడు. బెజవాడలో ఎముకల డాక్టరుగారు ఆ పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "భయం లేదమ్మా, లేత ఎముక. వారం వారం కొంచెం కొంచెంగా సర్ది కట్టు వేస్తాను. అడుగులు వేసేనాటికి తిన్నగా నడుస్తాడు. కాని మంగళవారం తప్పకూడదు, కట్టు మధ్యలో ఊడకూడదు. ఊడిందా, పాదం మళ్ళీ పాత దారి పడుతుంది. ఎముక ముదిరాక నా దగ్గరికి వచ్చి ఏడ్చినా లాభం లేదు!" అన్నారు. ఆ మాట చెవిలో పడ్డ దగ్గర్నుంచి తెరేసమ్మకు వారానికి ఒకటే రోజు. మిగతా ఆరు రోజులూ ఆ రోజుకోసం ఎదురుచూడడమే...

అత్తగారి సంగతి వేరు. ఆ ఊళ్ళో పసిబిడ్డకు నీళ్ళు పోయాలంటే అమలమ్మే రావాలి. పేటలోనైనా ఊళ్ళోనైనా బిడ్డ పుట్టిన మూడోనాటినుంచి ఆమె కాళ్ళమీదే పెరగాలి. ఆముదం రాసి తల గుండ్రంగా తీర్చేది. ముక్కు సాగదీసేది, కాళ్ళూ చేతులూ సాపు చేసేది. "ఆ ముక్కు నా చేతి చలవేనర్రా!" అని పెళ్ళిపీటలమీద కూర్చున్న పెళ్ళికొడుకును చూపించి అందర్నీ నవ్వించేది. అలాంటి మనిషికి సొంత మనవడు వంకరపాదంతో పుట్టాడు! ఆమె బాధపడలేదు, అలిగింది. ఎవరిమీద అలిగిందో ఆమెకూ తెలియదు. మూడో కట్టు వేయించుకొచ్చిన మర్నాడు, తెరేసమ్మ చర్చికి వెళ్ళొచ్చేసరికి ఆ కట్టు నానబెట్టి ఊడదీసి, పాదానికి ఆముదం పట్టిస్తూ కూర్చుంది.

"నెలరోజులు నా చేతిలో పెట్టు. నేనే తిప్పేస్తాను. స్నానం లేకుండా బిడ్డను కుళ్ళబెడతారా మీరంతా!" అంది పైగా.

ఆ వారం డాక్టరుగారు అందరిముందూ తెరేసమ్మను పట్టుకుని, "మీకు బిడ్డ కాలు కావాలా, స్నానం కావాలా?" అని కేకలేశారు. పాదం మొదటికి వచ్చింది. మళ్ళీ ఒకటో కట్టు! ఇంటికి రాగానే తెరేసమ్మ అత్తగారిని మరియమ్మ పటం ముందు నిలబెట్టింది. "ఇంకెప్పుడూ ఆ కట్టు ముట్టనని చెప్పండి" అంది. అమలమ్మ కళ్ళనీళ్ళు కొంగుతో ఒత్తుకుని, "ముడితే నా చేతులు పడిపోవాలి" అంది. అక్కడితో ఆగిందా? ఊళ్ళో బిడ్డలకు నీళ్ళు పోయడం కూడా మానేసింది. ప్రతి మంగళవారం వెంట వచ్చేది. లోపలికి రాకుండా డాక్టరుగారి గది గుమ్మం పట్టుకుని నిలబడి, ఆయన చేతులవంకే రెప్పవాల్చకుండా చూసేది. తప్పులు వెతుకుతోందనుకుంది తెరేసమ్మ.

"ఇంకొక్క మూడు కట్లు. అయిపోతుంది" అన్నారు డాక్టరుగారు క్రిస్మస్ ముందు.

ఆ తర్వాతే ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం ఉద్యమం ముదిరింది. డెబ్బైమూడు జనవరి అది. రోడ్లకు అడ్డంగా చెట్లు కొట్టి పడేశారు. బస్సుల్లేవు, రైళ్ళు లేవు. బెజవాడలో కర్ఫ్యూ. పటమటలో గది తీసుకుని, లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేసే ఆమె మొగుడు శౌరయ్య శనివారాలు ఇంటికొచ్చేవాడల్లా రావడం మానేశాడు. మంగళవారాలు రెండు జారిపోయాయి. తెరేసమ్మ రోజూ పొద్దున్నే రోడ్డుదాకా నడిచి, ఏదైనా బండి వస్తుందేమోనని నిలబడి నిలబడి వెనక్కి వచ్చేది. ఒక్కచోట కూర్చోలేదు, పట్టుమని నాలుగు మెతుకులు తినలేదు. కట్టు వేసి ఇవాళ్టికి పద్దెనిమిదో రోజు. ఇవాళ కూడా ఉత్తచేతులతోనే తిరిగొచ్చింది. వచ్చేసరికి ఇంట్లో ఇదీ వరస!

"వేళ్ళు నల్లబడ్డాయే అమ్మాయ్..." అంది అమలమ్మ. "ముట్టుకుంటే చల్లగా రాయిలా తగిలినాయి. నువ్వొచ్చేదాకా ఆగలేకపోయాను..."

"ఏవీ? ఏవీ నల్లవేళ్ళు? చూపించు!"

తెరేసమ్మ ఒంగి చూసింది. అయిదు వేళ్ళూ ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

"కట్టు తీశాక ఎర్రబడ్డాయే..."

"అబద్ధం! నీకు మొదట్నుంచీ ఆ కట్టంటే గిట్టదు! నీ చేతులతోనే బాగవ్వాలి, ఊరంతా నిన్నే మెచ్చుకోవాలి! మరియమ్మ ముందు ఒట్టేసి కూడా... నువ్వు మనిషివేనా అత్తయ్యా!"

అమలమ్మ ఏదో అనబోయి తన చేతులవంక చూసుకుంది. తెరేసమ్మ బిడ్డను లాక్కుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ పూటకీ ఆ రాత్రికీ ఆ తలుపు తెరుచుకోలేదు.

బందరు కాలువలో ఇన్నాళ్ళకు జక్కయ్య గడ్డిపడవ తెల్లవారగానే బెజవాడ బయల్దేరుతుందని పక్కింటివాళ్ళు కిటికీలోంచి చెబితే, మర్నాడు చీకటితోనే బిడ్డను చీరచెంగున చుట్టుకుని తెరేసమ్మ రేవుకు వచ్చింది. వెనకే అమలమ్మ, చేతిసంచీతో.

"ఆవిడ ఎక్కితే నేను దిగిపోతాను" అంది తెరేసమ్మ.

జక్కయ్య ఇద్దరివంకా చూసి, గెడ వేశాడు. మనుషులిద్దరు గట్టుమీద తాడు భుజాన వేసుకుని పడవను ఎదురునీటిలో లాగుతున్నారు. అది పడవా! నత్తకైనా కాస్త తొందర ఉంటుంది! ఈ పక్క కోసిన పొలాలు, ఆ పక్క అరటితోటలు... ఎంతసేపు చూసినా అదే తోట. కర్ఫ్యూ మధ్యాహ్నం మూడునుంచి అయిదుదాకా సడలిస్తారట. ఆ రెండుగంటల్లో డాక్టరుగారి దగ్గరికి చేరకపోతే మళ్ళీ రేపే. తెరేసమ్మ లేచి నిలబడేది, కూర్చునేది, పొద్దు ఎక్కడికొచ్చిందో చూసేది. "తొందరగా లాగరూ..." అని బతిమాలేది.

గట్టుమీద తాడు లాగేవాళ్ళ వెనకాల అమలమ్మ నడుస్తోంది. పడవ వేగమూ ఆమె నడకా ఒకటే అయింది. చూడకూడదనుకున్నా కంటికి ఎదురుగా కనిపిస్తూనే ఉంది. అరవయ్యేళ్ళ మనిషి, చెప్పుల్లేని కాళ్ళు... నడవనీ! చేసిన పనికి ఆ మాత్రం నడవాల్సిందే అనుకుంది తెరేసమ్మ. అనుకుని ఏడ్చింది.

రెండుగంటలు గడిచేసరికి జోజి గుక్కపట్టాడు. పాలిచ్చినా మానడు, భుజాన వేసుకున్నా మానడు. గుడ్డ విప్పి చూసింది. పాదం కొద్దికొద్దిగా లోపలికి తిరుగుతోంది! రెండు చేతులతో పట్టుకుని బయటికి తిప్పబోయింది. బిడ్డ తన్నాడు, పాదం జారిపోయింది. ఎక్కడ పట్టుకోవాలో, ఎంత నొక్కాలో ఏం తెలుసు తనకు?

లాకుల దగ్గర పడవ ఆగింది. తలుపులు తెరవడానికి గంట పడుతుందన్నారు. అమలమ్మ గట్టుమీద నిలబడి మనవడి ఏడుపు వింటోంది. ఎక్కమని ఎవరూ అనలేదు, ఆమె అడగనూ లేదు.

"అమ్మాయ్, ఈ పడవ నాది" అన్నాడు జక్కయ్య ఇక ఉండబట్టలేక. "నా ఇద్దరు బిడ్డలకీ నీళ్ళు పోసిందా మనిషి. ఎక్కక్కా!"

అమలమ్మ ఎక్కి కోడలి ఎదురుగా కూర్చుంది. కాళ్ళు బారచాపి రెండుచేతులూ ముందుకు పెట్టింది. తెరేసమ్మ పళ్ళు బిగబట్టి బిడ్డను ఆ కాళ్ళమీద పడుకోబెట్టింది. అమలమ్మ ఎడమచేత్తో మడమ కింద ఆనించి, కుడిచేతి బొటనవేలు ఒకచోట పెట్టి, పాదాన్ని మెల్లగా, మెల్లగా బయటికి తెచ్చి అక్కడే ఆపింది. జోజి రెండుసార్లు వెక్కి, ఊరుకున్నాడు.

అప్పట్నుంచి ఆ చేతులు కదలలేదు. ముక్కుమీద ఈగ వాలితే తల విదిలించింది గాని చెయ్యి తియ్యలేదు. జక్కయ్య చద్దన్నం ముద్ద ఆకులో పెట్టి ఇస్తే తల అడ్డంగా ఊపింది. తెరేసమ్మ నీళ్ళచెంబు చేతిలోకి తీసుకుంది. అత్తగారి నోటికి అందించాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చివరికి కిందపెట్టేసింది. పటమటలంక రేవులో దిగేసరికి మూడున్నర. రిక్షాలో కూడా అమలమ్మ ఆ పాదాన్ని వదల్లేదు.

డాక్టరుగారు తలుపులు మూయించబోతున్నారు. వీళ్ళను చూసి లోపలికి రమ్మన్నారు. గుడ్డ తొలగించి చూసి ఆయన మొహం మారిపోయింది.

"ఈ కట్టు ఎవరు తీశారు?"

"మా అత్తగారండీ... నిన్న పొద్దున. నేను లేని టైము చూసి..." అంది తెరేసమ్మ.

"నిన్న పొద్దున తియ్యకపోతే ఇవాళ నేను చెయ్యడానికి ఏమీ ఉండేది కాదమ్మా! ఇదిగో, చీలమండ చుట్టూ ఈ గాడి చూడండి. బిడ్డ పెరిగాడు, కట్టు పెరగదు గదా! నెత్తురు ఆడటం ఆగిపోయింది. ఇంకో పూట ఉంటే వేళ్ళు తీసెయ్యాల్సి వచ్చేది." ఆయన తలెత్తారు. "రోజూ వేళ్ళు చూసుకోమని చెప్పాను గదా. మీరు చూళ్ళేదా?"

తెరేసమ్మ చూడకపోలేదు. చూసింది! నిన్న పొద్దున్నే చూసింది. వేళ్ళు ఉబ్బి, నీలంగా... చలికి అనుకుంది. కాదు, చలికి కాదని ఎక్కడో తెలుసు. కాని కట్టు తీస్తే మళ్ళీ ఒకటో కట్టు, మళ్ళీ మొదట్నుంచీ... ఆ మాట తలుచుకోలేక మేజోడు తొడిగి, పైన గుడ్డ కట్టి, బస్సుకోసం పరుగెత్తింది.

"చూశానండీ..." అంది భోరుమంటూ. "చూసి... కప్పేశాను! నేనే కప్పేశానండీ! ఆవిడ్ని అబద్ధాలకోరన్నాను, మనిషివేనా అన్నాను... అత్తయ్యా!"

డాక్టరుగారు పాదంవంక మళ్ళీ చూసి, "విడ్డూరంగా ఉందే! కట్టు లేకుండా ఒకరోజు గడిచినా పాదం పెద్దగా జారలేదు" అన్నారు. అప్పుడు గమనించారు అమలమ్మ చేతుల్ని. "ఇలా పట్టుకోవడం ఎవరు నేర్పారమ్మా మీకు?"

"నేర్పేదేముందయ్యా... గుమ్మంలో నిలబడి మీ చేతులే చూశాను."

"ఇక వదలండి. నేను పట్టుకుంటాను."

అమలమ్మ వదలలేదు. వదలడానికి చూస్తోంది, వేళ్ళు విడివడడం లేదు. బిగుసుకుపోయాయి.

"రావటం లేదయ్యా..." అంది మెల్లగా. భయం లేదు ఆ గొంతులో, ఎప్పటినుంచో అనుకుంటున్నదే జరిగినట్టు ఉంది. "పడిపోవాలని ఒట్టేశాను. ఒట్టు తప్పాను గదా... పడిపోయినయ్. పోనీలెండి. పిల్లాడి కాలు దక్కింది, అంతే చాలు."

డాక్టరుగారే ఒక్కొక్క వేలూ విడదీశారు. "ఏమీ పడిపోలేదు తల్లీ! గంటలతరబడి ఒకేచోట పట్టుకుంటే నా చేతులైనా ఇంతే" అన్నారు. కొత్త కట్టు వేశారు. మొదటిది కాదు, ఆగిన చోటునుంచే! ఇంకా రెండే మిగిలాయన్నారు. బస్సులు తిరిగేదాకా శౌరయ్య గదిలోనే ఉండి, రోజూ వేళ్ళు చూసుకోమన్నారు.

జోజిని అక్కడి ఆయా చేతికిచ్చి బయటికి వచ్చింది తెరేసమ్మ. అమలమ్మ వరండా అరుగుమీద కూర్చుని, ఒళ్ళో పెట్టుకున్న చేతులవంక చూసుకుంటోంది. అవి ఇంకా సగం ముడుచుకునే ఉన్నాయి. తెరేసమ్మ అత్తగారి సంచీ వెతికి ఆముదం సీసా తీసింది. వచ్చేపోయేవాళ్ళు చూస్తారని కూడా లేకుండా నేలమీద చతికిలబడి, కాళ్ళు బారచాపుకుని, ఆ రెండు చేతుల్నీ తన కాళ్ళమీద పెట్టుకుంది. నూనె పోసి, అరచేతినుంచి వేళ్ళ కొసలకు రాయసాగింది. కన్నీళ్ళు ఆ నూనెలోనే పడుతున్నాయి.

"అత్తయ్యా... నన్ను కొట్టండి. ఏదో ఒకటి అనండి."

అమలమ్మ కోడలి చేతులవంకే చూస్తోంది.

"అట్టా కాదే అమ్మాయ్" అంది చివరికి. "కిందనుంచి పైకి రాయాలి. ఎవరు నేర్పారే నీకు?"

"మీరే నేర్పాలి" అంది తెరేసమ్మ. వేళ్ళ కొసలనుంచి మొదలుపెట్టి మళ్ళీ రాసింది. అమలమ్మ చిటికెనవేలు కోడలి చేతిలో మెల్లగా కదిలింది.