పలక మీది మాట

1991 ఆగస్టు 17, శనివారం. ఆ ఉదయం నేను తిన్నవి రెండు మక్క గారెలు, మొక్కజొన్నవి. మూడోది అన్నపూర్ణ నా చేతిలోంచి లాక్కుంది.

"మా వైపు గారెలంటే మినప్పప్పుతోనండీ. ఇవి పళ్ళకు పరీక్ష," అన్నాను, ఉడికించడానికే.

"గట్లనా? అయితే మీ దిక్కే పోయి తిను. మా అమ్మ నాలుగింటికి లేచి చేసింది. ఇగ నాతోని మాట్లాడకు!"

కొండాపూర్ బస్సు దిగి వానలో వచ్చిందేమో, విసురుగా తిరిగేసరికి ఆమె జడ నీళ్ళు నా మొహాన పడ్డాయి. తుడుచుకోలేదు.

పటాన్‌చెరులో కార్మికుల కోసం పెట్టిన చిన్న ఆసుపత్రి మాది. ఆపరేషన్ థియేటర్లో ఆమె నర్సు, నేను మత్తు యంత్రం చూసుకునే టెక్నీషియన్ని. స్పేర్ ఆక్సిజన్ సిలిండర్ చూసి నేను చెప్పాలి; ఖాళీ అయితే ఆమె స్టోర్ నుంచి తెప్పించి బిగింపజేయాలి. ఆ రోజు ఖాళీ. మాట్లాడొద్దంది కదా అని గోడ పలక మీద సుద్దతో రాసి పోయాను: "స్పేర్ ఖాళీ. తెప్పించండి." ఆమెను నవ్వించే రాతలు రోజూ రాసే పలక అది.

తిరిగొచ్చేసరికి పలక తుడిచి ఉంది. తెప్పించిందనుకున్నాను.

బల్ల మీద ఐలన్న. రేకుల ఫ్యాక్టరీలో ప్రెస్సు కింద చెయ్యి నలిగింది. "సిస్టరమ్మా, జెర మంచిగ కుట్టుమను. వచ్చే నెల నా లగ్గం. తాళి కట్టనీకి రెండు చేతులు గావాలె గద," అని నవ్వుతూనే మత్తులోకి జారాడు.

మధ్యలో వాడుతున్న సిలిండర్ అయిపోయింది. అప్పట్లో మాకు మానిటర్ లేదు; పెదాలు నల్లబడ్డాకే తెలిసింది. స్పేర్ తిప్పాను. చప్పుడు లేదు. బ్యాగు నొక్కి ఎంత ఊపిరి అందించినా, ఛాతీ నొక్కినా ఐలన్న తిరిగి రాలేదు.

అతని వాళ్ళకు మత్తు డాక్టరు భీమశంకరం గారే చెప్పి వచ్చారు. తర్వాత, ఏదైనా జరిగితే ఎప్పుడూ చేసినట్టే, మమ్మల్ని కూర్చోబెట్టి తనే టీ పోశారు.

"ఎవరిది తప్పని అడగను. ఏం చూశారు, ఏం చేశారు. అంతే. చిన్నవాళ్ళు ముందు."

"పలక మీద ఏందో ఉండె సార్," అంది అన్నపూర్ణ. "మళ్ళ పరాచికమే అనుకున్న. సదువకుండనే తుడిసిన." నా వైపు తిరిగింది. "ఏం రాసినవ్, రాజూ?"

పరాచికమేనంటే చాలు, ఆమె ఆ రాత్రి నిద్రపోతుంది. ఆమె వైపే తిరిగి చెప్పాను.

"స్పేర్ ఖాళీ అని రాశాను. పంతానికి నోటితో చెప్పలేదు. తర్వాత చూడనూ లేదు."

డాక్టరు గారు ఆమె చేతిలో గ్లాసు మెల్లగా తీసి కింద పెట్టారు.

"మొదలుపెట్టే ముందు నేనూ చూడలేదు. రిపోర్టులో ముందు నా పేరు రాయండి. రేపటి నుంచి ఎంత కోపమున్నా నోటితో చెప్పాలి. విన్నవాళ్ళు విన్నామని పలకాలి."

బస్‌స్టాప్‌లో వాన.

"అబద్ధం చెప్తవనుకున్న," అంది.

"చెబుదామనే అనుకున్నాను."

"చెప్పుంటె మళ్ళ నీ మొఖం సూడకపోయేదాన్ని."

"ఇప్పుడు?"

"సూస్తున్న గద." అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా ప్రేమ కథలో ఒకరికొకరు మనసు విప్పడమంటే అదే.

రెండేళ్ళకు పెళ్ళయింది. తాళి కడుతుంటే నా చేతులు ఆగిపోయాయి. ఎందుకో ఆమెకు తెలుసు. తల ఇంకాస్త వంచింది.

పోట్లాటలకు కొదవలేదు. మొహాలు చూసుకోని రోజుల్లోనూ డాక్టరు గారు చెప్పిన ఆ మాట మాత్రం తప్పలేదు.

"గ్యాస్ బంద్ జేసిన."

"విన్నాను."

"తలుపు వేశాను."

"ఇన్న."

ఆమె పోయి మూడేళ్ళు. ఇవాళ కూడా వానే. చప్పుడు కాకుండా తలుపు మూసి గడియ పెట్టాను.

"తలుపు వేశాను," అన్నాను.