ఉప్పు చూసిన పిల్ల

ఆ పొద్దున ఆకాశం కిందికి దిగి కూర్చుంది. మబ్బు కాదు, మంచూ కాదు. కల్లంలో ఎండబోసిన మిరపకాయల దుమ్ము పైకి పోలేక అక్కడే ఆగిపోయినట్టు తూర్పంతా తుప్పు రంగులో ఉంది. కాకి ఒక్కటి కూడా అరవలేదు.

అమ్మ కాయల మీద పట్టాలు కప్పుతూ పైకి చూసి, "ఇయ్యాల వద్దులేరా" అంది. తర్వాత నా వంక చూసి, "వెళ్ళిరా. ఇంకెన్నాళ్ళని?" అంది.

అమ్మ దిగులంతా నా మాట గురించే. నాకు నోరు లేక కాదు. ఉంది, వాడను. అప్పటికి నన్ను తీసుకుని మూడు ఇళ్ళకు పెళ్ళిచూపులకు వెళ్ళింది. మూడు చోట్లా ఒకటే జవాబు. "అబ్బాయి బంగారం. కాకపోతే మూగేమోనని మా పిల్ల భయపడుతోంది."

రెండువేల మూడో సంవత్సరం అది. గుంటూరు బ్రాడీపేటలో సందుకో కోచింగ్ సెంటరు. ఒక మేడ మీద కొత్త బోర్డు పెట్టారు: 'కొత్త నువ్వు', కింద 'లైఫ్ కోచ్' అని. మా మావయ్య చూసొచ్చి చెబితే అమ్మ ముక్కున వేలేసుకుంది. "ఎంసెట్టుకి కోచింగ్ ఉంటదిగానీ, బతకడానిక్కూడా ఉంటదా?"

అయినా పంపింది.

మెట్లెక్కి వెళ్ళేసరికి బెంచీ మీద ఒకమ్మాయి ఉంది. పక్కన బ్యాగు. నేను నిలబడ్డాను.

"బ్యాగు తియ్యమని అడగొచ్చుగా?"

అడగలేదు.

"నోరు లేదా మీకు?"

తల ఊపాను. ఉందని ఊపానో లేదని ఊపానో నాకే తెలియలేదు.

ఆమె పకపకా నవ్వి బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. "నాకు నోరు ఎక్కువైందని మా అమ్మ పంపింది. మీకు తక్కువైందని మీ అమ్మ పంపిందా? ఇద్దర్నీ కలిపి చెరిసగం చేస్తే సరిపోయేది. మధ్యలో ఈ సార్ ఎందుకు?"

అనేశాక, ఏమన్నదో అప్పుడు తట్టింది కాబోలు, కిటికీ వైపు తిరిగిపోయింది. చెవి తమ్మె ఎర్రబడింది. నేను మాట్లాడనుగానీ, చూస్తాను.

పేరు తేజశ్రీ అనీ, సత్తెనపల్లిలో విత్తనాల కొట్టు బుల్లయ్యగారి అమ్మాయిననీ, ఎదురు సందులో కంప్యూటర్ నేర్చుకుంటున్నానని తనే చెప్పింది. నేనేం అడగలేదు.

అంతలో లోపలి తలుపు తెరుచుకుని క్లాసు అయిపోయినవాళ్ళు బయటికి వచ్చారు. అందరూ నవ్వుతున్నారు. ఒకడు లావు, ఒకడు సన్నం, ఒకాయనకు తల నెరిసింది. నవ్వు మాత్రం అందరిదీ ఒకటే. పై పళ్ళు కనబడేంతవరకే, కింది పెదవి కదలకుండా. మెట్లు దిగుతుంటే అన్ని జతల చెప్పులూ ఒక్కసారే చప్పుడయ్యాయి.

తేజశ్రీ ఒళ్ళోని బ్యాగును దగ్గరికి హత్తుకుంది.

సార్ తెల్ల చొక్కా వేసుకున్నాడు. గొంతు మెత్తగా, పక్కనే కూర్చుని చెవిలో చెబుతున్నట్టు ఉంది. "ఈ గదిలోంచి బయటికి వెళ్ళేది మీరు కాదు. కొత్త మీరు" అన్నాడు.

"మరి పాత మేము ఏమైపోతాం సార్?" అంది తేజశ్రీ.

సార్ నవ్వాడు. అదే నవ్వు. 

"అట్లా కాదు సార్. మా కొట్లో ఎంత పేరున్న కంపెనీ విత్తనమైనా, తడి గోనెలో మూటకట్టి మొలక చూశాకే అమ్ముతాం. మీ దగ్గర మొలిచినవాళ్ళెవరో చూపించండి. చూసొచ్చి చేరతా."

నేను తల వంచుకున్నాను. సార్‌కు కోపం రాలేదు. గోడ మీద ఫోటో చూపించాడు. "కరుణాకర్. పొదిలి దగ్గర టీచరు. నా దగ్గరకు మొదట వచ్చింది ఆయనే. వెళ్ళి చూడండి."

తను చేరలేదు. నేను చేరాను. చేరనని చెప్పాలంటే మాట్లాడాలి కదా.

కిటికీలకు నల్లగుడ్డ, నెత్తి మీద ట్యూబులైటు. సార్ ఒక వాక్యం అంటాడు, మేం అంటాం. మళ్ళీ అంటాడు, మళ్ళీ అంటాం. మా గొంతులు వేరువేరుగా మొదలై, కాసేపటికి ఒక్క గొంతవుతాయి. ఆ గొంతు నాలోంచి వస్తోందో, వెనక వరసలోంచి వస్తోందో తెలిసేది కాదు. పడుకునేటప్పుడు పెట్టుకోమని క్యాసెట్ కూడా ఇచ్చాడు.

తిరుగు బస్సు తేజశ్రీదీ నాదీ ఒకటే. బ్యాగుతో నాకు సీటు ఆపేది.

"ఇవాళ్టికైనా ఒక్క మాట అంటారా, దిగిపొమ్మంటారా?"

నేను కిటికీ వైపు చూసేవాణ్ణి. అద్దంలో తను నన్ను చూడటం కనబడేది. తనకూ అది తెలుసు.

ఒక సాయంత్రం అకాల వాన. బస్సు కిటికీ రెక్క బిగుసుకుని కిందికి దిగలేదు. చినుకులు తన చెంప మీద పడుతున్నాయి. నా తువ్వాలు ఇచ్చాను.

"థాంక్స్ చెప్పను. మీరేమన్నా అంటే అప్పుడు చెబుతా."

తుడుచుకోండి అందామనుకున్నాను. ఆ ఒక్క మాట కోసం నోరు తెరిచాను.

"వాన కూడా ఒక అవకాశమే. అద్భుతం" అంది నా నోరు.

తేజశ్రీ ముందు నవ్వింది. "అబ్బో, కొటేషన్లే!" తర్వాత నవ్వు ఆపి నా పెదవుల వంక చూసింది. కిందిది కదల్లేదేమో. "ఏవండీ, అది మీ గొంతు కాదు" అంది మెల్లగా.

ఇంట్లో మాత్రం పండగే. వీధిలో పోయేవాళ్ళను పిలిచి మరీ నేను మాట్లాడుతుంటే అమ్మ కళ్ళొత్తుకుంది. నాకే ఎక్కడో తేడాగా ఉంది. నేను అనుకోకముందే మాట వచ్చేస్తోంది. చేలో కూలికి వచ్చిన మదార్‌బీ, "బాబూ, కాయ కుళ్ళు పట్టింది, చూశావా?" అంటే, "అద్భుతం" అన్నాను. ఆమె బుట్ట దించి నన్ను ఎగాదిగా చూసింది. నేను దగ్గరికి వెళ్తే తప్ప పాలు చేపని మా గేదె, పొదుగు దగ్గర కూర్చుంటే తల తిప్పి చూసింది. నన్ను కాదు. నా వెనక నిలబడ్డవాళ్ళెవరినో చూసినట్టు చూసింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

బుల్లయ్యగారికి పొదిలిలో డీలరుతో పని పడింది. ఆయన జీపులో తేజశ్రీ కరుణాకర్‌ను చూడటానికి బయలుదేరింది. నన్నూ రమ్మంది.

"ఎవరమ్మా ఈ అబ్బాయి?" అన్నాడాయన.

"మాట్లాడరులే నాన్నా. భయం లేదు."

బుల్లయ్యగారు నన్ను అద్దంలో చూస్తూ చాలాదూరం నడిపాడు. మమ్మల్ని కరుణాకర్ ఇంటి ముందు దింపి, పని చూసుకొస్తానని వెళ్ళాడు. మెట్టపొలాల మధ్య చిన్న పల్లె. గాలి ఆగింది. పత్తి తీసేశాక మిగిలిన మోళ్ళు కదలకుండా ఇంటి వైపే తిరిగి నిలబడి ఉన్నాయి.

కరుణాకర్ గుమ్మంలోకి వచ్చి రెండు చేతులూ చాపాడు. "మీరు రావడం నా అదృష్టం. ప్రతి అతిథీ ఒక అవకాశం."

నేనూ అన్నాను. ఆయన అంటున్నప్పుడే, ఆయనతోపాటే, అదే మాట. ఎక్కడ ఆయన ఊపిరి పీల్చాడో అక్కడే నేనూ పీల్చాను. నా చేతులూ చాచి ఉన్నాయి. నేను చాచలేదు.

తేజశ్రీ నా పక్క నుంచి అడుగు పక్కకు జరిగింది.

ఆయన భార్య శాంతి మంచినీళ్ళిచ్చి మమ్మల్ని పెరట్లోకి పిలిచింది. "గుంటూరు నుంచి వచ్చారంటగా. అక్కడ మా ఆయన ఎక్కడన్నా కనబడ్డాడా?"

ముందు గదిలో కరుణాకర్ గొంతు వినబడుతూనే ఉంది. తేజశ్రీ అటు చూసి, "అక్కా, ఆయన..." అని ఆగింది.

"ఆయన కాదమ్మా. మా ఆయన." శాంతి కొంగుతో చేతులు తుడుచుకుంది. "మా ఆయనకు దిగులెక్కువ. అది పోతదని నేనే పంపా. కూరలో ఉప్పు చాలకపోతే 'శాంతీ, మర్చిపోయావ్' అని పక్కింటిదాకా వినబడేటట్టు అనేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. పోట్లాడుకుంటానే తినేవాళ్ళం. ఇప్పుడు ఏం పెట్టినా అద్భుతం అంటాడు. చూద్దామని ఒకరోజు ఉప్పే వెయ్యలేదు."

"ఏమన్నారు?"

"అద్భుతం అన్నాడు. ఆ రోజు నుంచి ఒక్కపూట కూడా వెయ్యట్లా. ఏదో ఒక పూట అరుస్తాడని." శాంతి ముందు గది వైపు చూసింది. "చర్చిలో పాట పాడితే శ్రుతి తప్పేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. ఇప్పుడు తప్పట్లేదమ్మా. ఒక్కసారి కూడా తప్పట్లేదు."

మేం ముందు గదిలోకి వచ్చేసరికి కరుణాకర్ ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని, నవ్వుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. మేం వచ్చినట్టు గమనించలేదు.

తిరుగు దారిలో తేజశ్రీ నోరు మెదపలేదు. వినుకొండ దాటాం, నరసరావుపేట దాటాం. "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని బుల్లయ్యగారు అడిగినా పలకలేదు. సత్తెనపల్లిలో కొట్టు ముందు దిగాక, ఆయన షట్టరు తీసేలోపు నా దగ్గరికి వచ్చింది.

"నేను చేరను. మీరు మానేస్తారా?"

మానేస్తాను. అదే అనాలి. ఒక్క మాట. బతుకులో ఎప్పుడూ ఒక మాట కోసం అంత వెతుక్కోలేదు.

"భయం ఒక మెట్టు మాత్రమే" అంది నా నోరు, మెత్తగా.

తేజశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను అడిగింది మిమ్మల్ని. ఆయన్ని కాదు" అని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి నేను గుంటూరు బస్సెక్కలేదు. కల్లంలో మదార్‌బీ వాళ్ళ పక్కన కూర్చుని రంగు చెడిన తాలుకాయ ఏరాను. మాట గొంతులోకి వచ్చేది. పళ్ళు బిగపట్టేవాణ్ణి. లోపల అది తిరిగేది, బయటికి దారి వెతుక్కుంటున్నట్టు. పెదవులు వాటంతట అవే నవ్వబోతే మిరప ఘాటుకు దగ్గు వచ్చి చెరిగిపోయేది. అమ్మ, "మళ్ళీ మొదటికొచ్చావేరా" అని ఒకటే గోల. మదార్‌బీ మాత్రం, "నయం, ఈ బాబే మా బాబు" అంది.

ఒక మిట్టమధ్యాహ్నం పక్కింటివాళ్ళు కేకేశారు. నాకు ఫోనంట. రిసీవరు చెవిన పెట్టుకున్నాను.

"త్రినాథ్, ఎలా ఉన్నావ్? క్లాసుకు రావట్లేదే?"

అది నా గొంతు. నేను బస్సులో విన్న నా గొంతే. సార్ గొంతు నాకు పట్టిందో, నా గొంతు ఆయన దగ్గర ఉండిపోయిందో, ఈ రోజుకీ నాకు తెలియదు. అవతల ఊపిరి వినబడుతోంది, నా జవాబు కోసం. ఆ జవాబు నా నాలుక కొస దాకా వచ్చి కూర్చుంది.

రిసీవరు పెట్టేశాను. ఏమీ అనకుండా.

ఆ సాయంత్రం గేదె నా చెయ్యి నాకింది. నా వెనక్కి చూడలేదు.

తేజశ్రీ మాత్రం నన్ను ఎప్పటికీ కరుణాకర్ గుమ్మంలో చూసినట్టే చూస్తుందనుకున్నాను. మిరపకోతలు అయిపోయాక బుల్లయ్యగారు మావయ్యతో కబురు చేశాడు. "అబ్బాయిని, వాళ్ళమ్మగారిని మా ఇంటికి భోజనానికి రమ్మనండి."

అమ్మ గాభరాపడింది. వాళ్ళింటికి వెళ్ళి వసారాలో కూర్చోగానే చెప్పేసింది. "అన్నయ్యగారూ, సంబంధం కుదరకుండా పిల్ల ఇంట్లో అన్నం తినకూడదండీ. కాఫీ చాలు."

బుల్లయ్యగారు తల గోక్కున్నాడు. "నేనూ అదే అన్నానమ్మా. చూపులూ వద్దు, ప్రశ్నలూ వద్దు, అన్నం పెడతానంటది మా పిల్ల. తిన్నాక తన మాట చెబుతాదంట."

అమ్మ నా వంక చూసింది. నేను లేచి చేతులు కడుక్కున్నాను.

తేజశ్రీయే వడ్డించింది. నా వంక చూడలేదు. వేడన్నం, దోసకాయ పప్పు, నెయ్యి. అందరికీ పెట్టింది. నా కంచంలో పప్పు మాత్రం వేరే గిన్నెలోంచి వేసింది. తర్వాత నా ఎదురుగా నిలబడింది. గరిటెతో గిన్నె అంచు మీద మెల్లగా తడుతోంది.

కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

పప్పులో ఉప్పు లేదు. బొత్తిగా లేదు.

అందరూ నన్నే చూస్తున్నారు. ఎక్కడో లోపల ఆ మెత్తటి గొంతు కదిలింది. అద్భుతం అను, అంది. అమ్మ సంతోషిస్తుంది, బుల్లయ్యగారు మురిసిపోతాడు, ఒక్క మాటే కదా. అది మెడ దాకా ఎక్కింది. పళ్ళ వెనక దాకా వచ్చి ఆగింది. కింది పెదవి బిగుసుకోవడం నాకు తెలుస్తోంది.

ముద్దతోపాటు దాన్ని కూడా మింగాను.

మొహం ముడుచుకుపోయింది. చెయ్యి చాపాను. ఉప్పుగిన్నె కాస్త దూరంగా ఉంది.

తేజశ్రీ చేతిలో గరిటె ఆగింది. వంగి, ఉప్పుగిన్నె నా కంచం దగ్గరికి జరిపింది. నేను చిటికెడు తీసుకుని పప్పులో కలుపుకున్నాను. తను ఒక కంచం తెచ్చుకుని, ఎవర్నీ అడక్కుండా నా ఎదురుగా కూర్చుంది. నాకు వేసిన గిన్నెలోంచే పప్పు వేసుకుంది. కలిపి, రుచి చూసి, మొహం చిట్లించి, తనూ ఉప్పుగిన్నె కోసం చెయ్యి చాపింది.

నేను జరిపాను.

అమ్మ ఏదో అనబోయింది. బుల్లయ్యగారు కనుసైగతో వద్దన్నాడు. అమ్మ కూడా తన కంచం దగ్గరికి లాక్కుంది.  అన్నం అయ్యేదాకా ఉప్పుగిన్నె మా ఇద్దరి మధ్య అటూ ఇటూ జరుగుతూనే ఉంది.