మూడో సిలిండర్‌లో పదమూడు థౌ

చేయవలసిన పనులు:

నాలుగు పిస్టన్లను తూచి, అరగ్రాము తేడా కూడా లేకుండా సమానం చేయాలి.

కంప్రెషన్ పదకొండున్నరకు తగ్గకూడదు. దాని మీద టర్బో.

ఇంజిన్ బలం కొలిచే డైనో మీద ముఠా కళ్ళముందు మూడువందల ఎనభై హార్స్‌పవర్ చూపించాలి.

ఆ తర్వాత ఆ ఇంజిన్ చావాలి. రోడ్డు మీద, పూర్తి వేగంలో ఉండగా. అంతకుముందు కాదు.

ఎవరికీ అనుమానం రాకూడదు.

ఈ కాగితం నమిలి మింగేయాలి.

ఆమె నమిలి మింగింది. బాస్ మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపాడు.

"ప్రశ్నలు?"

"ఇంజిన్ ఎందుకు సార్? షెడ్డు మీద దాడి చేసి అందరినీ పట్టుకోవచ్చుగా?"

"చేస్తే మెకానిక్కులు దొరుకుతారు. ముఠా ఇంకో షెడ్డు వెతుక్కుంటుంది. పైగా మన ఆఫీసులోంచి ఎవరో వాళ్ళకి కబుర్లు మోస్తున్నారు. పిన్నిగారు ఏ రోజు ఏ గేటులోంచి బయటికొస్తారో కూడా వాళ్ళకి తెలుసు."

పిన్నిగారంటే డిపార్ట్‌మెంటులో సంకేత భాషల నిపుణురాలు. అరవై రెండేళ్ళు. పరాయి దేశంలో మారుపేర్లతో బతుకుతున్న పందొమ్మిదిమంది మన మనుషుల వివరాలు ఆమె తలలో తప్ప ఏ కాగితం మీదా లేవు. ఆమెను ఎత్తుకుపోతే వారం తిరిగేలోపు ఆ పందొమ్మిదిమందీ ఉండరు. వాళ్ళలో ఒకడు ఈ ఏజెంటుకు సొంత తమ్ముడు.

బాస్ మ్యాపు పరిచాడు. "వాళ్ళ విమానం దిగగలిగే చోట్లన్నీ ఇక్కణ్ణించి ముప్ఫై కిలోమీటర్లు. మనం రోడ్లు మూయడానికి పావుగంట పడుతుంది. మామూలు కారుకి పాతిక నిమిషాలు. వాళ్ళకి కావలసింది చూడ్డానికి కూరగాయలకి వెళ్ళే హ్యాచ్‌బ్యాక్‌లా ఉండి, పన్నెండు నిమిషాల్లో చేరే బండి. విమానం వాటిలో ఎక్కడ దిగుతుందో మాత్రం తెలియదు."

"షెడ్డులో మనవాళ్ళెవరైనా?"

"ఒకడున్నాడు. వాళ్ళ డ్రైవర్. రెండేళ్ళుగా మనవాడు. నీ కబుర్లన్నీ అతని ద్వారానే రావాలి. ఫోను లేదు, వైర్‌లెస్ లేదు."

చివరగా బాస్ ఆమె చేతిలో ఒక ఫీలర్ గేజ్ పెట్టాడు. సందులు కొలవడానికి వాడే పల్చటి ఉక్కు రేకుల గుత్తి అది. "ఇరవై రెండు అని చెక్కిన రేకు నిజానికి పదే. మన ల్యాబ్‌లో చేయించాం."

*

షెడ్డులో మొదటి రోజే పెద్దమేస్త్రి ఆమె సర్టిఫికెట్టును రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"డిగ్రీయా?"

"మెకానికల్ అండి. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే."

"అయితే దాన్ని ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టుకోవాల్సింది. ఇక్కడికెందుకు తెచ్చావ్? నట్టు బిగించడం వచ్చా?"

ఆ క్షణం నుంచి ఆమె పేరు డిగ్రీ అయిపోయింది. మేస్త్రికి డెబ్భై ఏళ్ళు దగ్గరపడ్డాయి. నలభై ఒక్క ఏళ్ళుగా ఇంజిన్లు కడుతున్నాడు. ఆయన నోటి నుంచి మంచిమాట విన్నవాళ్ళు షెడ్డులో లేరు. ఆమె తుడిచిన బల్లను మళ్ళీ తుడిచేవాడు. ఆమె బిగించిన బోల్టును విప్పించి, "ఏడిసినట్టుంది" అని మళ్ళీ బిగించమనేవాడు.

షెడ్డు యజమానిని అందరూ కోటు అనేవాళ్ళు. ఎండలో కూడా బూడిదరంగు కోటు విప్పని విదేశీయుడు. మాట తక్కువ, పిస్తోలు ఎక్కువ. ఇంజిన్ పూర్తయ్యేదాకా ఎవరూ గేటు దాటకూడదని అతని మొదటి ఆర్డరు.

"కంప్రెషన్ ఇంతెందుకు?" అని రెండోరోజు కోటు అడిగాడు. "టర్బోకి తక్కువ కంప్రెషనే మంచిదంటారుగా."

మేస్త్రి తలెత్తలేదు. "టర్బో ఊపందుకునేదాకా బండి ముక్కుతూ ఉంటే మీకు పర్వాలేదా? గేటు దగ్గర్నుంచే దూకాలన్నది మీరు. దూకాలంటే కంప్రెషన్ కావాలి. కాకపోతే లోపల వేడి నరకం. అందుకే పెట్రోలు బదులు ఆల్కహాలు తాగిస్తున్నాం. మీ పని మీరు చూసుకోండి."

కోటును అలా కసురుకోగలిగింది ఆయన ఒక్కడే.

*

మూడోరోజు మధ్యాహ్నం రింగుల పని.

పిస్టన్ రింగు పూర్తి చుట్టు కాదు. రెండు కొనల మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది. ఇంజిన్ వేడెక్కితే రింగు పెరిగి, ఆ సందు మూసుకుపోతూ వస్తుంది. సందు చాలకపోతే కొనలు ఢీకొని, రింగు సిలిండర్ గోడను పట్టేసి, పిస్టన్ పగిలిపోతుంది. ఈ ఇంజిన్‌కు కావలసింది ఇరవై రెండు థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. డిగ్రీ మిగతా మూడు సిలిండర్లకు ఇరవై రెండే పెట్టింది. మూడో సిలిండర్‌కు మాత్రం పదే పెట్టింది.

కోటు ఎదురుగా నిలబడ్డాడు. డిగ్రీ మూడో సిలిండర్‌లో దొంగ రేకు దూర్చింది. రేకు సుతారంగా దిగింది.

"ఇరవై రెండు," అంది.

"ఇలా ఇవ్వు," అన్నాడు మేస్త్రి.

ఇంకొకళ్ళ గేజును ఆయన ఎన్నడూ నమ్మడు. ముందు కొలిచే వస్తువును కొలుస్తాడు, తర్వాతే కొలిచిన వస్తువును. అది ఆయన పద్ధతి. బాస్ ల్యాబ్‌లో ఇంత తెలివైనవాళ్ళు ఉన్నా ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు. మేస్త్రి రేకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కళ్ళు మూసుకుని నలిపాడు.

కోటు చెయ్యి జేబులోకి వెళ్ళింది.

మేస్త్రి కళ్ళు తెరిచాడు. సుద్దముక్క తీసి బ్లాకు మీద "22" అని రాశాడు. పుస్తకంలో అదే అంకె వేసి సంతకం పెట్టాడు.

"సరిగ్గానే ఉంది."

కోటు వెళ్ళిపోయాడు. అతని బూట్ల చప్పుడు ఆగేదాకా మేస్త్రి కంప్రెసర్ ఆన్ చేసి ఉంచాడు. తర్వాత ఆమె మొహానికి మొహం దగ్గరగా పెట్టాడు.

"ఎవరే నీకీ ఆటబొమ్మ ఇచ్చింది?"

ఆమె గేజు కోసం చెయ్యి చాపింది, ఆయన ఇవ్వలేదు.

"ఇరవై రెండని చెక్కిన రేకు సిగరెట్టు కాగితంలా వంగుతోంది. నలభై ఒక్క ఏళ్ళ మేస్త్రికి నువ్వు చెవిలో పువ్వు పెడతావా?"

"మరి... సంతకం ఎందుకు పెట్టారు?"

ఆయన కారు దగ్గరకు లాక్కెళ్ళి వెనక తలుపు తెరిచాడు. లోపలివైపు హ్యాండిల్ లేదు. రెండు చిల్లులు మాత్రం ఉన్నాయి. సీటుకు కొత్తగా తోలు పట్టాలు బిగించారు, మణికట్లు పట్టేటంత.

"పందెం బండి అన్నారు. పందెం బండికి ఇవెందుకు? నిన్న పొద్దున చూశాను. ఎవర్నో ఎత్తుకుపోయే బండికి నా చేతులు పెట్టించారు. ఎవర్ని?"

"ఒక పెద్దావిడని."

"ఊఁ." ఆయన తలుపు మెల్లగా మూశాడు. "నువ్వు పోలీసా?"

"అలాంటిదే."

"చూస్తే అలాగే ఉంది. పాడుచేయడం కూడా చేతకాదు. పది థౌ పెడితే రేపు డైనో మీదే పట్టేస్తుంది, మనిద్దర్నీ అక్కడే పాతేస్తారు. డిగ్రీలో చెప్పలేదా? ఆకురాయి తే. పదమూడు పెట్టు."

"పదమూడు పెడితే?"

"డైనో మీద ఇరవై సెకన్లే కదా తొక్కేది. ఏమీ కాదు. రోడ్డు మీద పది నిమిషాలు ఆపకుండా తొక్కితే అప్పుడు పోతుంది. గేర్లు లెక్కగట్టమని రూటు నాకిచ్చారు. పాత విమానాల మైదానానికి ఎక్కే ఎత్తుంది చూడు, దాని నడుమ్మీద ఆగుతుంది. నిమిషం అటూ ఇటూ."

ఆమె ఆకురాయి పట్టుకుంది. ఉక్కు పొడి తట్టలోకి రాలింది.

"వంకరగా గీకుతున్నావ్. తప్పుడు పని అయినా తిన్నగా చెయ్యి," అన్నాడు ఆయన.

*

నాలుగోరోజు పెయింటు గదిలో డ్రైవర్ కలిశాడు. తెల్ల తోలు జాకెట్టు, పట్టుకుచ్చులాంటి జుట్టు, గది నిండిపోయే సెంటు. షెడ్డులో అతన్ని హీరో అంటారు. అతనికి ఆ సంగతి తెలుసు, ఇష్టం కూడా.

"థర్మోస్టాట్ ఎంతకి తెరుచుకుంటుంది?" అన్నాడు.

"ఎనభై రెండుకి. చలికాలం అయితే ఎనభై."

కోడ్ సరిపోయింది. అతను నవ్వాడు. ఆ నవ్వుకు అద్దం ఉంటే బాగుండునన్నట్టు అటూ ఇటూ చూశాడు.

"శనివారం పొద్దున పది. లైబ్రరీ గేటు. బాస్‌కి నేను చెబుతాను. ఇంజిన్ ఎలా ఆపుతున్నావ్?"

బాస్ అయితే ఎప్పుడు అని అడిగేవాడు. ఇతను ఎలా అని అడిగాడు. అదొక్కటే తేడా. ఆమె అబద్ధం చెప్పడానికి అదొక్కటే కారణం.

"నాక్ సెన్సర్. ఇంజిన్ లోపల టపటపలాడితే వినే చెవి అది. దాని వైరు లోపల తెంపాను. బయటికి కనిపించదు."

"భలేదానివే!"

ఐదోరోజు పొద్దున ఆమె చూసేసరికి నాక్ సెన్సర్ కొత్తది, వైరుతో సహా. పాతది చెత్తడబ్బాలో పడి ఉంది. దాని వైరు చెక్కుచెదరలేదు. హీరో కనీసం పరీక్షించి చూడలేదు.

ఆఫీసులోంచి కబుర్లు మోసేది ఎవరో తెలిసిపోయింది. బాస్‌కు ఆ మాట చేర్చే దారి కూడా అతనే. అంటే బాస్‌కు శనివారం సంగతి తెలియదు. పిన్నిగారికీ, పరాయి దేశంలో ఉన్న తమ్ముడికీ రక్షణగా ఇక మిగిలింది ఒక్క రింగు.

ఆ మధ్యాహ్నం డైనో రోలర్ల మీద ఇంజిన్ మూడువందల తొంభై ఒకటి కొట్టింది. కోటు మొదటిసారి నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు.

*

శనివారం, పదికి పది నిమిషాలు తక్కువ. బండి గేటు దగ్గర గురగురమంటోంది.

"ఇంజిన్ కట్టినవాళ్ళు మొదటి పరుగులో పక్కన కూర్చోవాలి. మీ మెకానిక్కుల ఆచారమేగా?" అని కోటు డిగ్రీ వైపు వేలు చూపించాడు. "ఎక్కు."

హీరో ఆమె చెవిలో అన్నాడు. "సెన్సర్ బాగా పనిచేస్తోందమ్మా. అవతలి గట్టున నీకూ గిరాకీ ఉంది. ఒకరి ఖర్చుతో ఇద్దరు."

ఆమె అడుగు ముందుకు వేసేలోపు మేస్త్రి ఆమె భుజం పట్టి పక్కకు నెట్టాడు. ఆమె టైర్ల కుప్ప మీద పడింది.

"పుస్తకంలో సంతకం ఎవరిది? దీనిదా? నిన్నగాక మొన్న వచ్చిన గుంట నా ఇంజిన్‌లో ముందు సీటెక్కుతుందా? ఆయిలు వేడి చూసి ఎప్పుడు తొక్కాలో చెప్పేవాడు ఉండక్కర్లేదా? ఆ గేజీ చదవడం దీనికి తెలుసా?"

"ఇది రావాలి," అన్నాడు హీరో.

"అయితే నువ్వే చదువుకో. ఐదో నిమిషంలో పేలితే నన్ననకు."

కోటు గడియారం చూసుకున్నాడు. "ముసలాణ్ణి ఎక్కించుకో. దీని సంగతి నేను చూస్తాను."

మేస్త్రి తలుపు వేసుకుంటూ ఆమె వైపు చూశాడు. జాలి లేదు, వీడ్కోలు లేదు. "బల్ల తుడిచిపెట్టు," అన్నాడు.

బండి వెళ్ళింది. కోటు పిస్తోలు తీశాడు.

"నీ పని బాగుంది. అయిపోయింది కూడా."

"బల్ల తుడవమన్నాడండి," అంటూ ఆమె దుమ్ము ఊదే ఎయిర్ గన్ అందుకుంది. ఉక్కు పొడి తట్ట అతని మొహానికి ఎదురుగా ఉంది. మీట నొక్కింది. రెండు పిడికిళ్ళ ఉక్కు పొడి కోటు కళ్ళలోకి కొట్టింది. పిస్తోలు పైకప్పుకు పేలింది. ఆమె బోల్టును లెక్క ప్రకారం బిగించే టార్క్ రెంచి తిప్పింది. మూరెడు ఉక్కు. ఎంత బలంతో తగలాలో అంతే బలంతో తగిలింది.

కానీ గేటు దగ్గరున్న కాపలావాడు అడ్డం వచ్చాడు. టైర్ల కుప్పల చాటున తప్పించుకుంటూ వాణ్ణి పడగొట్టి, కోటు ఫోను తీసి, నంబరు కొట్టేసరికి పది దాటి ఆరు నిమిషాలు.

"సార్, మన డ్రైవర్ వాళ్ళవాడు. పిన్నిగారు కారులో ఉన్నారు. పాత విమానాల మైదానం ఎత్తు. అక్కడ ఆగుతుంది."

"ఆగుతుందని గ్యారంటీ ఏంటి?"

"మేస్త్రి చెప్పాడు సార్."

*

పిన్నిగారిని లైబ్రరీ గేటు దగ్గర ఎత్తుకున్న పదో నిమిషం. ఎత్తు నడుమ. బానెట్ కింద ఎవరో సుత్తితో ఒకే ఒక్క దెబ్బ కొట్టినట్టయింది. బండి ముక్కి, మూలిగి, ఆగింది. పైన, మైదానంలో విమానం పంకాలు తిరుగుతున్నాయి.

"ఏమైంది?" హీరో అరిచాడు.

"పైపు ఊడినట్టుంది," అన్నాడు మేస్త్రి. "ఐదు నిమిషాలు. అరవకు."

దిగాడు. బానెట్ ఎత్తాడు. గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. పైపును పట్టి ఉంచే క్లాంపు విప్పి, దాన్ని తుడిచి, వెలుగులో చూసి, మళ్ళీ తుడిచాడు. వెనకసీట్లో కట్టేసి ఉన్న పిన్నిగారు తర్వాత చెప్పారు: అంత నిదానంగా ఎవరైనా పని చేయడం తన జన్మలో చూడలేదట.

"త్వరగా కానీ, ముసలాడా!"

"నా ఇంజిన్ ముందు తొందరపెడితే నాకు నచ్చదు. ఆ స్క్రూడ్రైవర్ అందుకో. అది కాదు, చిన్నది."

హీరో అందించాడు. మూడు నిమిషాలు గడిచాయి. నాలుగో నిమిషంలో ఎగ్జాస్టు నుంచి నీలం పొగ తీగలా వచ్చింది. హీరోకు కూడా అంతమాత్రం తెలుసు. నీలం పొగ పైపుది కాదు.

"పిస్టన్ పగిలింది. నీకు తెలుసు!"

"తెలియకపోతే మేస్త్రి అని ఎందుకంటారు?"

హీరో రెండుసార్లు కాల్చాడు. తర్వాత పిన్నిగారి పట్టాలు కోసి, చేతిని పట్టుకుని ఎత్తు మీదకు ఈడ్చాడు. విమానం మెట్టు మీద ఆమె కాలు పెట్టించాడు. రెండో కాలు పెట్టించేలోపు, దగ్గర్లోని చెక్‌పోస్టు నుంచి వచ్చిన డిపార్ట్‌మెంటు జీపు విమానం ముక్కుకు గుద్దుకుని నిలబడింది. ఆ రాత్రి పందొమ్మిదిమందీ వాళ్ళ వాళ్ళ మారుపేర్లతోనే నిద్రపోయారు. డిగ్రీ తమ్ముడికి ఏమీ తెలియదు. తెలియకూడదు కూడా.

*

సోమవారం రిపోర్టు టైపయింది. ముద్దాయి నంబరు మూడు: ముఠా మెకానిక్, మృతుడు.

"ఆ మాట తీసేయండి సార్," అంది డిగ్రీ.

"ఎలా తీస్తాం? పుస్తకంలో ఇరవై రెండని తప్పుడు లెక్క రాసి సంతకం పెట్టింది ఆయనే. లోపల ఉన్నది పదమూడే అయినా, కాగితం ప్రకారం ముఠాకి సరైన ఇంజిన్ కట్టిచ్చాడు. కోర్టుకి కావలసింది కాగితం."

"అది నలభై ఒక్క ఏళ్ళలో ఆయన రాసిన ఒకే ఒక్క తప్పు సార్."

"అదీ మన దురదృష్టం. దొరికిన పుస్తకం అదొక్కటే."

కాగితాల్లో ఆయన సంగతి అంతే. అందుకే ఇది చదివినవాళ్ళకు ఒక మనవి. మీ బండి ఎప్పుడైనా ఎత్తు నడుమ ఆగిపోయి, బాగుచేసినవాణ్ణి తిట్టడానికి నోరు తెరిచినప్పుడు ఒక్క నిమిషం ఆగండి. ఎవరో పెద్దావిడ కోసం తన ఇంజిన్‌ను తానే చంపుకుని, చివరిదాకా ఎవరితోనూ ఒక్క మంచిమాట మాట్లాడని ఆ ముసలి మేస్త్రిని తలుచుకోండి. తర్వాత తిట్టుకోండి. ఆయన ఏమీ అనుకోడు, ఆయనకది అలవాటే.