తీగె కట్టిన నోరు

ఇందుమతి గురుమూర్తిని మొదటిసారి చూసిననాడు అతని నోటికి అడ్డూ ఆపూ లేదు. రెండోసారి చూసిననాడు ఆ నోట్లోంచి ఒక్క మాటా రాలేదు.

మొదటిసారి పెళ్ళిచూపుల్లో. నంద్యాలలో పత్తి వ్యాపారం చేసే ఆదినారాయణ కొడుకంటే గంభీరంగా ఉంటాడనుకుంది. అతనేమో ఆళ్ళగడ్డ రోడ్డు గుంతల దగ్గర మొదలుపెట్టి కొత్త సినిమా దాకా ఏదీ వదల్లేదు. ప్రశ్న తనే అడుగుతాడు, జవాబూ తనే చెప్పుకుంటాడు. ఇందుమతికి ఒళ్ళు మండింది.

"నన్ను సూసేకి వచ్చినారా, మీ మాటలు ఇనిపించేకి వచ్చినారా?" అనేసింది.

తల్లి సీతాలక్ష్మి కూతురి చెయ్యి గిల్లింది. గురుమూర్తి మాత్రం పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చింది. నచ్చిందని ఎవరికీ చెప్పలేదు గానీ, పప్పులో ఉప్పు వేసి మళ్ళీ వేయడం చూసి నాయనమ్మ కృష్ణమ్మ కనిపెట్టేసింది.

తాంబూలాల రోజున నంద్యాల బస్సు దిగినవాళ్ళలో అతను అందరికన్నా వెనక నడిచాడు. చిక్కిపోయాడు. ఉత్తరీయం మెడ చుట్టూ తిప్పి దవడ దాకా కప్పుకున్నాడు. ఎవరు పలకరించినా తల ఊపుతున్నాడంతే. అబ్బాయికి మహానందీశ్వరుడి మొక్కు ఉందనీ, మౌనవ్రతం పట్టాడనీ ఆదినారాయణ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకొచ్చాడు.

తలుపు చాటు నుంచి వింటున్న ఇందుమతి నమ్మలేదు. ఆ మనిషికి మౌనవ్రతమా? తాను నచ్చలేదేమో, తండ్రి బలవంతం మీద వచ్చాడేమో అనుకునేసరికి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. అంతలో అతని కళ్ళు తలుపు వైపు వెతుక్కుంటూ వచ్చాయి. ఆమెను చూసి ఆ కళ్ళు నవ్వాయి, పెదవులు కదల్లేదు. నచ్చకపోవడం కాదు, ఇంకేదో ఉంది.

ఆ ఇంకేదో వాసన మేనమామ చెన్నకేశవులుకీ తగిలింది. ఆయన ప్యాపిలి నుంచి వచ్చాడు. ఇందుమతిని తన కొడుక్కి చేసుకోవాలని ఆయనకు ఎన్నాళ్ళుగానో ఉంది. ఇందుమతి తండ్రి శేషయ్య నంద్యాలకు మాటిచ్చేశాడు కాబట్టి మేనమామ ఊరుకున్నాడు. ఈ సంబంధం తప్పితే పిల్ల ప్యాపిలికేనని ఇంట్లో అందరికీ తెలుసు. బావమరిదికి ఎదురు చెప్పే అలవాటు శేషయ్యకు లేదు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తాంబూలాలు మార్చుకునే ముందు పెళ్ళికొడుకు ఆడపిల్లవారి ఆకువక్క నలుగురి ముందూ వేసుకోవాలి. పెదవి ఎర్రబడాలి. పిల్ల ఇష్టమని తన నోటితో చెప్పాలి. నంద్యాలవాళ్ళకు ఈ సంగతి ఎవరూ ముందు చెప్పలేదు.

చెన్నకేశవులు ఆకులు మడిచి అందించాడు. గురుమూర్తి చెయ్యి చాపి తీసుకున్నాడు గానీ నోటి దాకా తీసుకుపోలేదు.

"వ్రతం మాటకు గదప్పా, నమిలేదానికి గూడానా?" అన్నాడు చెన్నకేశవులు. అంటూనే వంగి ఉత్తరీయం పక్కకు లాగాడు. గురుమూర్తి పెదవులు విడివడ్డాయి. పై పళ్ళకూ కింది పళ్ళకూ కలిపి కట్టిన సన్నని తీగెలు కిటికీ ఎండలో తళుక్కుమన్నాయి.

ఇక దాచి లాభం లేకపోయింది. ఆదినారాయణ తల వంచుకుని అంతా చెప్పాడు. పత్తి దింపే చోట బండి పక్కన నిలబడి మాట్లాడుతుంటే ఎద్దు తల విసిరింది, కొమ్ము తగిలి దవడ ఎముక విరిగింది. కర్నూలులో డాక్టరు ఎముక సరిచేసి, కదలకుండా పళ్ళు కట్టేశాడు. చివరి పళ్ళ వెనక ఉన్న సందులోంచి గంజీ, పాలూ పోస్తున్నారు. అతికేలోపల తీగెలు ఊడితే ఎముక జారి ముఖం జన్మంతా వంకరగా ఉండిపోతుంది. వాంతి వస్తే ఊపిరాడదని, అప్పటి మట్టుకు తీగెలు కోసుకోవడానికి డాక్టరు జేబులో కత్తెర పెట్టించాడు. ముహూర్తం దాటితే మూఢం వస్తుందనీ, అవిటివాడంటారనీ భయపడి అబద్ధమాడామని ఒప్పుకున్నాడు.

 శేషయ్య బావమరిది వైపు చూశాడు.

"దవడ ఉండాదో పోయిందో మాకెట్ల తెలుస్తాది? ఒగసారి అబద్ధం చెప్పినోళ్ళు మీరు," అన్నాడు చెన్నకేశవులు. "కత్తెర ఉండాది గదా. కోసుకోని ఆకు నమలమను. ల్యాకుంటే తాంబూలాలు ల్యావు."

ఆదినారాయణ బతిమాలుతూనే ఉన్నాడు. గురుమూర్తి తలుపు వైపు ఒక్కసారి చూసి జేబులో చెయ్యి పెట్టాడు. కత్తెర తీశాడు. నోరు పక్కకు లాక్కుని, మొదటి తీగె కిందికి మొన దూర్చాడు.

పిలవనిదే పెళ్ళికూతురు బయటికి రాకూడదు. ఇందుమతి వచ్చేసింది. వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. 

"ఆ కత్తెర ఇట్లియ్యండి," అంది. "మొగం వంకరైతే సూల్లేకగాదు. నా కోసం మీరు ఆ నొప్పి పడేది నేను సూల్లేను."

అతను కత్తెర వదల్లేదు. ఆమె మేనమామ వైపు తిరిగింది.

"మామా, మా జేజికి పండ్లు ల్యావు. ఆకువక్క దంచుకోని తింటాండాది. ఆమె ఏసుకునేది తాంబూలం గాదా?"

మూలన కూర్చున్న నాయనమ్మ కృష్ణమ్మ దంచడం ఆపి, నువ్వేమంటావో చూద్దామన్నట్టు చెన్నకేశవులు ముఖంలోకి చూసింది. చెల్లెలి అత్తగారిని పట్టుకుని కాదని ఎలా అంటాడు? ఆకూ వక్కా మేనకోడలి ముందుకు జరిపాడు.

ఇందుమతి అక్కడే కూలబడి నాయనమ్మ చిన్న రోట్లో ఆకూ వక్కా సున్నం కలిపి మెత్తగా నూరింది. పలచని గుడ్డలో వేసి గిన్నెలోకి పిండింది. చెంచాతో అతని బుగ్గ లోపలి నుంచి, చివరి పళ్ళ సందులోకి కొద్దికొద్దిగా పోసింది.  పొలమారితే ప్రాణం మీదికొస్తుందని ఆమెకు తెలుసు. గురుమూర్తి ఒక గుటక మింగాడు. ఇంకొకటి మింగాడు. కాసేపటికి పెదవి చివర ఎర్రగా మెరిసింది. అప్పుడతను కత్తెర ఆమె చేతిలో పెట్టాడు.

"ఆకు సరే," అన్నాడు చెన్నకేశవులు, ఇంకా బెట్టు వదలకుండా. "నోటి మాటో?"

గురుమూర్తి బిగిసిన పళ్ళ మధ్య నుంచి మాట్లాడాడు. చాలాసేపే మాట్లాడాడు. కుండలో తుమ్మెద తిరిగినట్టుందే తప్ప కన్నతండ్రికి కూడా ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కనే ఉన్న ఇందుమతి మాత్రం విన్నది. చెవులు, మెడ, ముఖం అంతా కందిపోయింది.

"ఏమన్నాడు?" అన్నాడు చెన్నకేశవులు.

"ఇష్టమే అన్న్యాడు మామా."

"అంత పొడుగునా?"

"మిగిలింది మీకు చెప్పే మాట గాదు," అంది ఇందుమతి, తల ఎత్తకుండా.

చెన్నకేశవులు ఆమె వైపు చూశాడు. చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తిప్పిన పిల్ల. ఆయన లేచి, తాంబూలాల పళ్ళెం తనే తీసుకెళ్ళి ఆదినారాయణ చేతుల్లో పెట్టాడు.

"తీసుకోప్పా," అన్నాడు. "ఆ తీగెలు బేగా ఇప్పొద్దని మీ డాక్టరుకు చెప్పు. కట్టేసినా ఇంత మాట్లాడ్తాండాడు."