కావాలని చేసిన తప్పులు

లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు గానీ, మావగారి చేతి దురద మాత్రం రిటైర్ కాలేదు. కరెంటు బిల్లులో కూడికలు సరిచూస్తే గాని ఆయనకు పొద్దున్న కాఫీ దిగదు.

ఆరోజు బల్ల మీద కోడలు చుట్టిపెట్టుకున్న చార్టు కనబడింది. కోడలూ లెక్కల టీచరే. ముచ్చటపడి విప్పిన పెద్దాయన గుండె గుభేలుమంది. సగం, మూడోవంతు కలిపితే అయిదింట రెండు వంతులట. కింద చూస్తే అన్నీ తప్పులే. ఎర్ర పెన్ను తీసి అడ్డంగా కొట్టేసి, పక్కన సరైన జవాబులు వేశారు. కోడలి పరువు కాపాడానన్న తృప్తితో మళ్ళీ చుట్టబోతుండగా ఆమె వంటింట్లోంచి వచ్చింది.

"ఇదేంటి మావయ్యగారూ, ఎందుకు దిద్దారు?"

"తొందరలో రాసినట్టున్నావమ్మా. ఇవాళ హెడ్మిస్ట్రెస్ నీ పాఠం చూడ్డానికి వస్తారన్నావు. ఆవిడ కంట పడుంటే?"

కోడలు కుర్చీలో కూలబడింది. "కావాలనే తప్పు రాశాను. ఎక్కడ తప్పో, ఎందుకు తప్పో పిల్లలు చెప్పాలి. అదే పాఠం. టీచరు తప్పులు నేర్పుతోందని ఇప్పటికే ఫిర్యాదులు వెళ్ళాయి. ఇవాళ సరిగ్గా జరక్కపోతే నా క్లాసు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు."

తప్పు తనదేనని తెలిసినప్పుడే మనిషికి కోపం ఎక్కువ. మావగారు గొంతు పెంచారు. "తప్పులు చూపించి చదువు చెప్పడం నేనెక్కడా వినలేదు. ఒకే లెక్క చెయ్యి నొప్పెట్టేదాకా చేయించేవాణ్ణి. పిల్లలకి రాకేం?"

"ఇది నా సొంత పైత్యం కాదండీ. ఒక క్లాసుకి ఒప్పులే చూపించి, ఇంకో క్లాసుకి తప్పులూ చూపించి, కొన్నాళ్ళాగి రెండు క్లాసులకీ పరీక్ష పెట్టి చూసినవాళ్ళున్నారు. తప్పు వెతికిన పిల్లలకే బాగా గుర్తుంది. మనకి అలవాటైంది కాదు, వాళ్ళకి వచ్చిందా లేదా అన్నదేగా చూడాలి?"

బడికి తయారైన మనవరాలు చార్టులోకి తొంగిచూసింది. "తాతయ్యా, మీరు చేయించిన లెక్క ఆ పూటకి వచ్చేది, మర్నాడు పోయేది. ఇదైతే చూడగానే తెలుస్తోంది. అయిదింట రెండంటే సగం కూడా కాదు. సగానికి ఇంకా కలిపితే సగం కన్నా తగ్గుతుందా?"

మావగారు పెన్నుకి మూత పెట్టారు. ఆ తప్పు ఆయనకి కొత్త కాదు. ఏటా ఎవరో ఒకరు చేసేవారు, ఆయన సున్నా వేసేవారు. ఎందుకలా చేశావని ఒక్కరినీ అడగలేదు. ఆ సంగతి మనసులో కలుక్కుమంది.

"ఇంకా చూస్తారేం?" అంది అత్తగారు. "చెరిపిన చేత్తోనే రాసివ్వండి. కోడలికి బస్సు వెళ్ళిపోతుంది."

ఆయన కొత్త చార్టు పరిచారు. పాత తప్పులన్నీ రాసి, కింద ఇంకొకటి చేర్చారు. సున్నా పాయింట్ తొమ్మిది కన్నా సున్నా పాయింట్ పన్నెండు పెద్దదని. "తొమ్మిది కన్నా పన్నెండు పెద్దదిగా అంటారమ్మా. చాలామంది పడే గుంట ఇదే." తెలిసి తప్పు రాయడం జీవితంలో మొదటిసారి.

సాయంత్రం ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. కోడలి ముఖం చూశాక గాని ఊపిరాడలేదు.

"క్లాసు నాకే ఉంచారు మావయ్యగారూ. మీ పాయింట్ల లెక్క మీద పిల్లలు కొట్టుకున్నంత పని చేశారు. అంత మంచి తప్పు ఎవరికి తట్టిందని హెడ్మిస్ట్రెస్ అడిగారు."

"ఏం చెప్పావు?"

"మా ఇంట్లో పెద్ద మాస్టారున్నారని చెప్పాను."

మావగారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు, కళ్ళు కూడా.

"రేపటికి ఏ తప్పులు కావాలమ్మా?" అన్నారు.